ఫోటోలో అమ్మ

నాలుగో సీసా మూత బిగించి, మణికట్టు మీద ఒక చుక్క రాల్చి చూసుకుంది ఆయమ్మ. వేడి సరిపోయింది. రెండు సీసాలు చంకలో ఇరికించుకుని, మిగతా రెండూ చేతుల్లో పట్టుకుని, మోచేత్తో తలుపు నెట్టుకుంటూ పిల్లల గదిలోకి వచ్చింది.

పన్నెండు ఇనప మంచాలు, వాటి చుట్టూ నడుమెత్తు కటకటాలు. తొమ్మిదింట్లో పిల్లలున్నారు. ఇద్దరు ఏడుస్తున్నారు. ఒకటి ఆకలి ఏడుపు, ఒకటి తడి ఏడుపు. చూడకుండానే చెప్పగలదు ఆమె. ఇరవై రెండేళ్లుగా ఈ శిశుగృహంలో అదే పని. సూపరింటెండెంట్లు ఏడుగురు మారారు గానీ ఆయమ్మ మారలేదు. ఆమెకు అసలు పేరొకటి ఉండేది. హాజరు పట్టీలో తప్ప దానితో ఎవరికీ పని పడలేదు.

కిటికీ పక్క మంచంలో బఠాణీ అప్పటికే లేచి నిలబడి ఉంది. కటకటాల సందులోంచి ముక్కు బయటపెట్టి, "ఆయమ్మా, పాలు" అంది. కాస్త ఆలోచించి, "చక్కెల పాలు" అని సవరించింది.

"చక్కెరా లేదు, గిక్కెరా లేదు. తాగు."

రెండున్నరేళ్ల కిందట ఆస్పత్రి వాళ్లు తువ్వాలులో చుట్టి తెచ్చి ఇచ్చినప్పుడు పదకొండు రోజుల పసిగుడ్డు. "ఇది పిల్లా, బఠాణీ గింజా?" అంది ఆయమ్మ. ఆ పేరే ఉండిపోయింది. రికార్డులో వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఈ పిల్ల తిరిగి కూడా చూడదు. అప్పట్లో సీసా పట్టేది కాదు. చెంచాతో చుక్క చుక్కా పోసి, ఒళ్లు చల్లబడకుండా మూడు నెలలు గుండెల మీద పడుకోబెట్టుకుని బతికించింది.

ఆయమ్మకు పిల్లలు లేరు. భర్త ఇటుకల లారీ మీద వెళ్లేవాడు. ఆరేళ్ల కాపురంలో రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి నిలిచేలోపు లారీ లోయలో పడింది, దానితోపాటే అతనూ. పిన్ని తెచ్చి ఇక్కడ ఊడ్చే పనిలో పెట్టింది. చేరిన నాలుగో రోజున ఒక పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, చుట్టూ ఎవరూ లేకపోతే, చీపురు గోడకి ఆనించి ఎత్తుకుంది. మళ్లీ ఆమెను చీపురు పట్టుకోనివ్వలేదు ఎవరూ.

ఎంతమందిని పెంచిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. అందరికీ నడకలు నేర్పింది, మాటలు నేర్పింది. ఒక్క మాట మాత్రం ఎవరికీ నేర్పలేదు. 'అమ్మ' అనిపించుకోకూడదన్నది ఇక్కడి నియమం. ఎక్కడినుంచో ఒకామె వస్తుంది, ఆ మాట ఆమె కోసం వాడకుండా ఉంచాలి. కొత్తగా చేరే ఆయాలకు ఈ సంగతి ఆయమ్మే చెప్పేది.

బఠాణీ నోట మొదట వచ్చిన మాట 'బా'. బా అంటే బల్బు. తర్వాత కాకి, తర్వాత 'ఇంక లే'. పదకొండో నెలలో ఒక మధ్యాహ్నం, ఆయమ్మ దానికి గుడ్డ మారుస్తుంటే కళ్లలోకి సూటిగా చూసి, ఎవరూ నేర్పకుండానే, "అమ్మ" అంది.

ఆయమ్మ వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఎవరూ లేరు.

"ఊఁ" అంది, మెల్లగా.

నాలుగు నెలలపాటు, ఎవరూ లేనప్పుడు మాత్రమే, ఆమె అలా 'ఊఁ' కొట్టింది. ఒకరోజు సూపరింటెండెంటు మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇన్నేళ్లదానివి, నీకు నేను చెప్పాలా ఆయమ్మా?"

"పొరపాటైపోయింది మేడమ్."

ఆ రోజునుంచి దిద్దడం మొదలుపెట్టింది. "అమ్మ కాదు, ఆయమ్మ." పిల్ల నవ్వేది, మళ్లీ "అమ్మ" అనేది. ఆయమ్మ పలికేది కాదు, మొహం గోడవైపు తిప్పుకునేది. వారం పట్టింది. ఎనిమిదో రోజు పొద్దున బఠాణీ పెదవులు కూడదీసుకుని "ఆ-య-మ్మ" అంది. శభాష్ అని చప్పట్లు కొట్టి, నీళ్లు పెట్టే నెపంతో స్నానాల గదిలోకి వెళ్లి, బకెట్ నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టకుండా నిలబడిపోయింది.

ఆరు వారాల కిందట, బఠాణీని దత్తత తీసుకోబోయేవాళ్ల దగ్గర్నుంచి ఒక పుస్తకం వచ్చింది. నాలుగే నాలుగు అట్ట పేజీలు, ప్లాస్టిక్ కాగితం అంటించినవి. పేజీకొక ఫోటో, కింద లావుపాటి అక్షరాలు. "రోజూ స్నానం అయ్యాక చూపించు" అని మేడమ్ ఒక్కసారి చదివి వినిపించింది. అమ్మ. నాన్న. మన ఇల్లు. మన కుక్క. ఆయమ్మకు చదువు రాదు. వరసగా గుర్తుపెట్టుకుంది.

మొదటి రోజు ఫోటోలో ఆవిడ మీద వేలు పెట్టి, "చెప్పు, అమ్మ" అంది. బఠాణీ అనుమానంగా చూసింది. ఏడాది కిందట కాదు కాదని మాన్పించిన మాటను ఇప్పుడు అను అను అంటే ఎలా? "కాదు" అంది. అని మొహం తానే గోడవైపు తిప్పుకుంది.

మూడు వారాలు ఓపికగా చెప్పింది ఆయమ్మ. నాలుగో వారం ఒక పొద్దున బఠాణీ ఫోటోని వదిలేసి, కింద ఉన్న అక్షరాల మీద వేలు జరుపుతూ, "అ... మ్మ" అంది, సాగదీసి. మర్నాడు మందుల డబ్బా మీద వేలు పెట్టి "అ!" అని అరిచింది. తర్వాత సబ్బు అట్ట మీద, గోడ గడియారం కింద అంటించిన కాగితం మీద, బియ్యం బస్తా మీద. "అదిగో అ! ఆయమ్మా, అ!" నలభై ఎనిమిదేళ్లు అక్షరాల మధ్యే తిరుగుతూ ఒక్కదాన్నీ పట్టించుకోని ఆయమ్మకు ఆ పిల్ల చూపించాక అది ప్రతిచోటా కనబడసాగింది. వీధిలో బోర్డుల మీద, బస్సుల మీద. చూసినప్పుడల్లా సంతోషం తన్నుకొచ్చేది, ఆ వెంటనే గుండె జారిపోయేది. చదువు వస్తున్నకొద్దీ పిల్ల వెళ్లే రోజు దగ్గర పడుతోంది మరి.

ఆ రోజు ఇవాళే.

పదకొండు గంటలకు వాళ్లు వచ్చారు. అంతకుముందే బఠాణీకి స్నానం చేయించి, వాళ్లు పంపిన కొత్త గౌను తొడిగి, జుట్టు దువ్వింది. ఎటూ లొంగని ఒక పాయని తడిచేత్తో పదిసార్లు అణిచింది.

"నువ్వు వంటగదిలో ఉండు. నువ్వు కనబడితే వాళ్ల దగ్గరికి వెళ్లదు" అంది మేడమ్.

"తెలుసు మేడమ్."

వంటగదిలో సీసాలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. కాసేపటికి ఆఫీసు గదిలోంచి ఏడుపు వినబడింది. ఆకలిది కాదు, తడిదీ కాదు. మనిషి కోసం వెతుక్కునే ఏడుపు. ఆయమ్మ బ్రష్షుని సీసాలో ఇంకా లోపలికి దించింది.

మేడమ్ వచ్చి, "ఒకసారి రా" అంది.

కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది ఫోటోలో ఆవిడ. ఎవరూ తీసుకోని బొమ్మ ఒళ్లో ఉంది. ఆమె భర్త కిటికీ దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు, శుభ్రంగానే ఉన్నా. బఠాణీ పరుగున వచ్చి ఆయమ్మ చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది.

ఆయమ్మ నేల మీద కూర్చుంది. "పుస్తకం తే. చదువుదాం."

ముక్కు ఎగబీలుస్తూనే తెచ్చింది.

"ఇదెవరు?"

"అ... మ్మ."

"ఏదీ అమ్మ?"

బఠాణీ ఫోటో మీద వేలు పెట్టింది.

"అది బొమ్మ. నిజం అమ్మ ఏదీ? గడ్డం మీద మచ్చ ఉంది చూడు. అలాంటి మచ్చ ఇక్కడ ఎవరికుందో వెతుకు."

బఠాణీ ఫోటో చూసింది. కుర్చీలో ఆవిడను చూసింది. మళ్లీ ఫోటో చూసింది. నాలుగడుగులు వేసి, చెయ్యి చాచి, ఆవిడ గడ్డం మీది పుట్టుమచ్చని వేలితో తాకి, అక్షరాలు చదివే గొంతుతోనే, "అ... మ్మ" అంది.

ఆవిడ కదల్లేదు. కదిలితే ఆ వేలు తీసేస్తుందేమోనన్నట్టు అలాగే ఉండిపోయింది, కళ్ల నీళ్లు గడ్డం దాకా వచ్చి ఆ వేలిని తడిపినా. ఆయమ్మ నేలకేసి చూసింది.

బఠాణీకి ఆట తెలిసిపోయింది. పేజీ తిప్పి నాన్నని వెతికింది, దొరికాడు. ఇల్లు, కుక్క ఊరికే చదివింది. పుస్తకం అయిపోయింది. వెనక అట్ట తిప్పి చూసింది. మళ్లీ మొదటినుంచి తిప్పింది.

"ఆయమ్మ ఏదీ?"

పుస్తకం తెచ్చి ఆయమ్మ ఒళ్లో పెట్టింది.

"ఆయమ్మ పేజీ ఏదీ?"

ఆవిడే ముందు తేరుకుంది. "ఆయమ్మగారూ, మీ ఫోటో ఒకటి తీసుకుంటాను. ఇందులో అంటిస్తాను. రోజూ నేనే చూపిస్తాను."

"వద్దు తల్లీ" అంది ఆయమ్మ. "రోజూ నన్నే చూస్తుంటే మిమ్మల్ని ఎప్పుడు చూస్తుంది? ఒక నెల ఏడుస్తుంది. మీరు కంగారు పడకండి. తర్వాత సర్దుకుంటుంది. అందరూ సర్దుకున్నారు."

లేచి నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడితేనే నిద్రపోతుంది. తల మీద నీళ్లు పోసేటప్పుడు చెవులు మూయండి. పాలల్లో చక్కెర అడుగుతుంది. వేయకండి." లొంగని ఆ పాయని మళ్లీ అణిచింది. "ఎప్పుడైనా... కాస్త వేయండి."

ఆవిడ ఆయమ్మ అసలు పేరు అడిగింది. ఆయమ్మ చెప్పింది, వేరెవరి పేరో చెబుతున్నట్టు.

కారు దాకా తనే ఎత్తుకెళ్లింది. వెనక సీట్లో కూర్చోబెట్టి, మెడ చుట్టూ ఉన్న చేతులు ఒక్కొక్కటిగా విడదీసింది. బఠాణీ పక్కకి జరిగి, సీటు మీద అరచేత్తో కొట్టి చోటు చూపించింది.

"ఆయమ్మా, ఎక్కు."

"సీసాలు కడిగి వస్తా."

"తొందలగా."

"ఆఁ, తొందరగా."

తలుపు పడింది. కారు గేటు దాటి, మలుపు తిరిగి, వెళ్లిపోయింది. ఆయమ్మ చేతులు ఇంకా పిల్లని ఎత్తుకున్నట్టే వంగి ఉన్నాయి. మేడమ్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ్టికి ఇంటికెళ్లు ఆయమ్మా" అంది.

"ఇంట్లో ఏముంది మేడమ్" అని లోపలికి నడిచింది.

మధ్యాహ్నం ఎనిమిది మందికి పాలు పట్టింది. కిటికీ పక్క మంచం మీద దుప్పటి తీసి, కొత్తది పరిచింది. కొన్నాళ్ల కిందట చేరిన పసివాడు వేలు పట్టుకుని వదలకపోతే, ఒక్క చేత్తోనే మిగతా పని చేసుకుంది. పక్క మంచం పిల్ల దేనినో చూపించి "బా" అంటే, "బల్బు" అంది, అలవాటుగా.

ఎండ తగ్గాక పెరట్లోకి వెళ్లి తీగ మీది బట్టలు తీసింది. ఇక్కడ బట్టలు ఎవరివీ కావు. ఎవరికి సరిపోతే వాళ్లవి. గుడ్డలు మడిచింది, చొక్కాలు మడిచింది, అన్నిటినీ గంపలో సర్దింది. చివర ఉన్న గౌను దగ్గర ఆగింది. పొద్దున కొత్తది తొడగడానికి బఠాణీ ఒంటిమీంచి విప్పినది. కాసేపటి కిందటే తనే ఉతికి ఆరేసింది. చెయ్యి చాచి, తాకి చూసి, వెనక్కి తీసుకుంది. గంప నడుముకు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఖాళీ తీగ మీద ఆ గౌను ఒక్కటే మిగిలింది, కింది అంచు ఇంకా ఆరకుండా.