సత్యవ్వ చుట్టిన బీడీ

కోరుట్లలో బీడీలు చుట్టని ఇల్లు వెతికినా దొరకదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ్ తాగి, ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని అరుగుల మీద కూర్చుంటారు. సత్యవ్వ చుట్టిన బీడీకి ఒక గుణం ఉంది. ముట్టిస్తే పొగతో పాటు ఆమె గొంతూ వస్తుంది. చుట్టేటప్పుడు మనసులో ఏది మెదిలితే అదే వినిపిస్తుంది. ఎక్కువగా బతుకమ్మ పాటలే. కంపెనీ వంకపెట్టి తీసేసిన ఆమె బీడీలు గంగయ్య చాయ్ హోటల్లో అమ్ముడుపోయేవి. పాట కోసమే బీడీ అలవాటు చేసుకున్న మహానుభావులూ ఉన్నారు.

అవి అడవిలోని నక్సలైట్ అన్నలు, పోలీసులు వంతులేసుకుని ఊళ్లోకి వచ్చే రోజులు. ఎవరేమడిగినా "నాకేం తెల్వది" అనడం జనం నేర్చుకున్నారు. బస్సు ఎటు పోతుందన్నా అదే జవాబు. అలాంటి కాలంలో నీల అనే పరిశోధక విద్యార్థిని, ముసలివాళ్లను ఇళ్లలో ఎలా చూస్తున్నారో తెలుసుకుందామని కోరుట్లలో జగిత్యాల బస్సు దిగింది. ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

సత్యవ్వ ఇంటికి ఈ మధ్య బయట తాళం పడుతోంది. కొడుకు పరశురాములు వచ్చి తీశాడు.

"రోజులు బాగలెవ్వు మేడం. బయట తిరిగితే ఏమన్న అయితదని తాళమేస్తున్న."

నీల సత్యవ్వ పక్కన కూర్చుంది. "కడుపునిండ తింటున్నవా అవ్వా?"

సత్యవ్వ కొడుకు వైపు చూసింది. "నాకేం తెల్వది బిడ్డా."

"నిన్నెవలన్న కొడుతున్నరా?"

"నాకేం తెల్వది."

నీల ఉసూరుమంటూ హోటల్‌కు వచ్చింది. గంగయ్య చాయ్ ఇచ్చి, పరశురాములు ఆ పొద్దున్నే అమ్మిపోయిన కట్ట విప్పి ఓ బీడీ ముట్టించాడు. పాట రాలేదు.

"చాట నిండేదాక బువ్వ పెట్టడు నా కొడుకు," అంది పొగలోంచి సత్యవ్వ గొంతు. "నిన్న చెయ్యి గూడ లేపిండు. ఎవ్వలకు చెప్పుకోను?"

పాల కోసం వచ్చిన, సత్యవ్వ పక్కింటి చిన్నవ్వ చెంబు అక్కడే వదిలేసింది. "గా తాళం ముసల్దాని బాగుకే అనుకున్న. ఎంత తెలివితక్కువదాన్ని," అంటూ బయల్దేరింది. హోటలంతా ఆమె వెంట నడిచింది.

పరశురాములు గుమ్మానికి అడ్డం నిలబడి ఏదో చెప్పబోయాడు. గంగయ్య ఆరిపోయిన బీడీని మళ్లీ ముట్టించాడు. పొగలోంచి మళ్లీ అదే గొంతు రాగానే పరశురాములు పక్కకు తప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి సత్యవ్వ చిన్నవ్వ ఇంట్లోనే ఉంది. అందరితో కలిసి అరుగు మీద బీడీలు చుట్టింది, వేళకు తిన్నది, చింతపండు ఎక్కువైందని పేచీలు పెట్టింది. బీడీల్లోకి పాటలు తిరిగొచ్చాయి. నీల సిరిసిల్లకు వెళ్లింది. అక్కడ ముసలివాళ్లను కొడుకుల ముందు ప్రశ్నలడగడం మానేసి, వాళ్ల పక్కన కూర్చుని పని అందుకుంది.

కొన్నాళ్లకు, జన్మలో బీడీ తాగని పరశురాములు హోటల్లో ఒకటి ముట్టించాడు. తిట్లు పడతాయని భయపడుతూ చెవి ఒగ్గాడు.

"నా కొడుకు తిన్నడో లేదో," అంది పొగ.

వేళ్లు కాలేదాకా బీడీ పారెయ్యలేకపోయాడు. అందరి ముందే ఏడ్చేశాడు.

సాయంత్రం గిన్నెలో అన్నం, కోడికూర పెట్టుకుని చిన్నవ్వ గడప ముందు నిలబడ్డాడు.

"ఏమంటవ్ సత్తెవ్వా, లోపటికి రానియ్యాల్నా?" అడిగింది చిన్నవ్వ.

"నాకేం తెల్వది," అంది సత్యవ్వ. ఈసారి నవ్వుతూ అంది. "ముందుగాల గీ చాట నింపుమను. గప్పుడు బువ్వ."

అరుగంతా నవ్వింది. పరశురాములు తలొంచుకుని చాట ముందు కూర్చున్నాడు. మొదటి బీడీకి దారం చుట్టకముందే సత్యవ్వ అతని ముందు కంచం పెట్టింది.

"తిని పో కొడుకా. నేనైతే గీడనే ఉంట."