ఖాళీ చార్టు

పల్లీలు దంచుతున్నాను. వెదురు చిగుళ్ళ కూరలో పల్లీముద్ద మెత్తగా లేకపోతే మా అత్తగారు ముద్ద ముట్టరు. మా ఆయన వమింబి గుమ్మంలో కూర్చుని, "రాసి పారెయ్యరాదూ! ఇన్నేళ్ళుగా రాస్తున్నదేగా," అన్నాడు.

నిజమే, అదే నన్ను తినేస్తోంది. తల్లీ బిడ్డా ఎలా ఉన్నారో గంటగంటకీ కాన్పు చార్టులో నింపాలని రూలు. నొప్పులు పడేవాళ్ళు నలుగురు, నర్సును నేనొక్కదాన్ని. అందుకే బిడ్డ పుట్టాక కూర్చుని వరసగా చుక్కలు పెట్టేస్తాం. కంపాలా నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు ఎంత పొందికగా ఉందోనని మెచ్చుకుంటారు కూడా. పోయిన మంగళవారం నబీఫోకు కాన్పు కష్టమైంది. డాక్టర్ మగోముకు నా సొంత ఫోన్‌లోంచి మూడుసార్లు చేశాను. ఆయన తన సొంత క్లినిక్ వదిలి రాలేదు. గర్భసంచి చిట్లి తల్లీ బిడ్డా పోయారు. నబీఫో తల్లి కోర్టుకెక్కింది. ఈమధ్య కోర్టులు ఆసుపత్రికి జరిమానా వేసి సరిపెట్టుకోవడం లేదట, కాగితం మీద పేరున్నవాళ్ళనే నిలబెడుతున్నాయట. నిన్న మేట్రన్ ఆ రోజు ఖాళీగా మిగిలిన నబీఫో చార్టు నా చేతిలో పెట్టింది.

"చివరి గంట దాకా అంతా బాగానే ఉన్నట్టు రాయమ్మా ఖైంజా. హఠాత్తుగా జరిగిందంటే ఎవరి మీదకీ రాదు. పాపం, డాక్టరుగారు పిల్లలు గలవాడు."

నాకూ ముగ్గురున్నారు. ఆ సంగతి ఆవిడకు తట్టనే లేదు.

"నిజం చెబితే నాకూ శిక్ష పడుతుందండీ," అన్నాను మా ఆయనతో. రోకలి ఆపాను. ఒక్క మంచిమాట కోసం ఆయన మొహంలోకి చూశాను.

"నేననేదీ అదే! నువ్వు జైలుకెళ్తే అమ్మకు వండేదెవరు?"

లోపల్నుంచి అత్తగారు అందుకున్నారు. "డాక్టర్లతో పెట్టుకుని బాగుపడ్డదెవత్తే? నోర్మూసుకుని చెప్పింది చెయ్యి."

ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రిలోనైనా ఇంట్లోనైనా అంతా బాగానే ఉందని చూపించడమే నా పని. పద్నాలుగేళ్ళుగా రెండుచోట్లా బాగానే చేశాను.

పల్లీలు సగం దంచి వదిలేశాను. చేతులు కడుక్కుని వేరే కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, చార్టుతో కలిపి మడిచాను. మేట్రన్ దగ్గరకు కాదు, నబీఫో తల్లి ఇంటికి నడిచాను.

ఆవిడకు చదువు రాదు. "నువ్వే చదువమ్మా," అంది.

అరుగు మీద కూర్చున్నాను. డాక్టరు సంగతి రెండో వాక్యంలో ఉంది. మొదటి వాక్యం నాది. అదే ముందు చదివాను.

"నీ కూతురు నొప్పులు పడుతున్నంతసేపూ నేను ఒక్కసారి కూడా చార్టు రాయలేదు."