చిటికె వద్దంది

దగ్గరికి జరగండమ్మా. వెనకున్న అయ్యా, మీరూ రండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

ఒక టైలరమ్మ ఉండేది. పొద్దస్తమానం షాపులో మిషను తొక్కి, ఇంటికొచ్చి మళ్ళీ మిషను ముందే కూర్చునేది. ఆ వారం కుడుతున్నవి మాత్రం సొంత పిల్ల బట్టలు. ఇంటిల్లిపాదీ నాలుగు రోజుల ఓడ ప్రయాణానికి బయల్దేరుతున్నారు. నాలుగేళ్ళ కూతురు చిటికె గౌన్లన్నిటికీ లోపలివైపు జేబు వేస్తోంది. ఒక్కో జేబులో తన సెల్‌ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క. అంత ఓడలో పిల్ల తప్పిపోతే తెచ్చి అప్పజెప్పేవాళ్ళకి ఆనవాలుండాలి కదా.

చిటికె ఎటుంటే నీళ్ళు అటు ఒరిగేవి. గ్లాసులో నీళ్ళు, బకెట్లో నీళ్ళు, గిన్నెలో పాలు కూడా. అందుకే ఆ ఇంట్లో ఏదైనా సగమే నింపేవారు. కుళాయి సన్నగా వచ్చిన రోజున పై అంతస్తు ఆవిడ, "మీ పిల్లని ఓసారి పంపమ్మా, బకెట్ నిండగానే దింపేస్తాను," అని చంకనేసుకుని పోయేది. దేవుడు ఒకరికి గిరజాల జుట్టిస్తాడు, ఈ పిల్లకి ఇదిచ్చాడు. నిద్రపోతే మాత్రం నీళ్ళు తమ మానాన తాముండేవి.

చిక్కంతా బావగారితో వచ్చింది. టైలరమ్మ భర్తకి అన్న, గోడౌన్లో స్టోర్‌కీపరు, జాబితాలో రాసుకోందే తుమ్మని మనిషి. సామాన్ల జాబితాలో టోపీలకీ వాంతుల మాత్రలకీ మధ్య ఒక వరుస ఇరికించాడు: "చిటికెకి నిద్రమందు, పూటకో చెంచా." సీసా కూడా కొనుక్కొచ్చాడు.

"ఇదెందుకండీ బావగారూ?"

"గ్లాసు ఒరిగితే గుడ్డతో తుడుస్తాం. సముద్రం ఒరిగితే దేంతో తుడుస్తావమ్మా? నాలుగు రోజులే కదా, పడుకునుంటుంది. కాదంటే పక్కింట్లో అప్పజెప్పి రా."

"తియ్యగానే ఉంటుందట కూడాను," అంది అత్తగారు.

భర్త పెట్టె తాళంచెవి వెతుకుతున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.

టైలరమ్మ దారం పళ్ళతో తెంపింది. "దేవుడు కళ్ళు తెరిపించి పంపిన పిల్లని నేను కళ్ళు మూయించి మోసుకెళ్ళను. వదిలేసీ రాను. అది సముద్రం చూస్తుంది, మెలకువగా చూస్తుంది. లేదంటే మా తల్లీబిడ్డల టికెట్లు చించెయ్యండి."

"ఇంత మొండితనం పనికిరాదమ్మాయ్."

"మొండిదాన్నే అత్తయ్యా. నన్ను చేసుకున్నప్పుడు మీకెవరూ చెప్పలేదా?"

అంటూనే లేచి, సీసా తీసుకుని, అందరూ చూస్తుండగా మూత తిప్పి వంటగది సింకులో బోర్లించింది.

మందు గొట్టంలోకి దిగలేదు. చిక్కగా, ఎర్రగా, సింకు అంచెక్కి, పక్కన స్టూలు మీద నిలబడ్డ చిటికె వైపు పాకింది.

"చూశావా," అన్నాడు బావగారు. "దానంతటదే వెళ్తోంది."

"నోరు తెరువు తల్లీ," అంది అత్తగారు.

చిటికె అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు," అంది.

మందు ఆగింది. నాలుగేళ్ళలో ఆ పిల్ల ఏ నీటికీ ఆ మాట చెప్పలేదు. చెప్పగలదేమోనని ఎవరికీ తట్టనూ లేదు. మందు కాసేపు అక్కడే తచ్చాడి, పిలవని పేరంటానికి వచ్చినదానిలా వెనక్కి తిరిగి గొట్టంలోకి జారిపోయింది.

"నిద్రపుచ్చి ఉంటే ఆ మాట మనమెప్పటికీ వినేవాళ్ళం కాదు బావగారూ," అంది టైలరమ్మ.

బావగారు స్టోర్‌కీపరు కదా, సరుకు పరీక్షించందే సంతకం పెట్టడు. గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చి చిటికె ముందు నిలబడ్డాడు.

"దీనికీ చెప్పు, చూద్దాం."

చిటికె గ్లాసునీ పెదనాన్ననీ మార్చి మార్చి చూసింది. "పెదనాన్న దగ్గరికి పో," అంది.

ఆయన తడిచొక్కాతోనే కుర్చీలో కూర్చుని, జాబితాలో మందు వరుస కొట్టేసి, దాని కింద రాశాడు: "చిటికెకి కిటికీ పక్క మంచం."

అమ్మల్లారా, అయ్యల్లారా, మిగతాదంతా దారిలోనే మర్చిపోయినా నాకు బాధలేదు. ఆ తల్లి సీసా బోర్లించిన సంగతి ఒక్కటీ మనసులో పెట్టుకోండి. మీ ఇంట్లో ఏ పిల్ల నోటి దగ్గరికైనా అలాంటి చెంచా వస్తే, దేవుడి మీద భారం వేసి, మీరూ ఆ పనే చెయ్యండి.