రెండు వందల యాభై ఐదు దాటితే

కాలేజీ ల్యాబులో పిల్లలు ఆ నెల పదకొండో చిప్పు కాల్చేశారు. తీగ తప్పుగా కలపడం వాళ్ల వంతు, ప్రిన్సిపాల్ ముందు తల వంచుకోవడం ల్యాబు టీచరు వంతు. ఇక లాభం లేదని, కంప్యూటరులోనే అచ్చం ఆ చిప్పులా నడిచే సిమ్యులేటరు తానే రాయడానికి పూనుకుంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆమెకు కొట్టిన పిండి. కానీ ముప్పై ఏళ్లు లిఫ్టుల బోర్డులు బాగుచేసి రిటైరైన మామగారు మాత్రం, "సీ భాషలో రాయమ్మా" అన్నారు.

"దాని తప్పులు వెతకడానికే సగం రోజు పోతుంది మామయ్యా!"

"సరే, నీ ఇష్టం. రోట్లో తల పెట్టేది నువ్వు."

మూడు వారాల్లో ప్రోగ్రాము తయారైంది. తెర మీది దీపం సెకనుకోసారి వెలిగి ఆరాలి. వెలిగింది కానీ, ఎంతకీ ఆరదు. రెండు రోజులు వెతికేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది. మూడో రోజు ఉదయం మామగారు కళ్లజోడు తగిలించుకుని పక్కన కూర్చున్నారు.

"టైమరు ఎంత చూపిస్తోంది?"

"నాలుగు వేల పన్నెండు."

ఆయన పగలబడి నవ్వారు. "తల్లీ, అసలు చిప్పులో టైమరు అంకె దాచుకునే గదికి రెండు వందల యాభై ఐదు వరకే చోటు. ఇంకొకటి కలిపితే సున్నా అవ్వాలి. అలా సున్నాకొస్తేనే కదా దీపం మారేది! నీ పైథాన్‌ది మరీ పెద్ద మనసు, ఎంతిస్తే అంతా పుచ్చుకుంటోంది."

"మరి సీలో?"

"గది ఎంతదో ముందే చెప్తావు. నిండగానే దానంతటదే సున్నాకొస్తుంది."

సిగ్గుపడుతూనే ఒక్క లైనుతో సరిదిద్దింది. దీపం ఆరింది, కాకపోతే పైథాన్ నెమ్మదికి సెకను పట్టాల్సింది యాభై సెకన్లు పట్టింది. అప్పుడిక వాదన అవసరం లేకపోయింది. లెక్కలు చేసే గుండెకాయను సీలో మళ్లీ రాసింది. పిల్లలు చూసే తెర, మీటలు పైథాన్‌లోనే ఉంచింది. మామగారు చిప్పు మాన్యువల్ ముందేసుకుని ఒక్కో ఆదేశాన్నీ కాగితం మీద చేసి సరిచూశారు. సీలో వాక్యం చివర పెట్టే సెమికోలన్‌తో సహా చూసిన ప్రతిచోటా ఒక పేచీ పెట్టారు.

"అత్తాకోడళ్ల గొడవలు విన్నాను గానీ, సెమికోలన్ల మీద మామాకోడళ్లు పోట్లాడుకోవడం మనింట్లోనే!" అన్నాడు ఆమె భర్త.

ల్యాబులో మొదటి రోజున ఒకమ్మాయి తెర మీద తీగను తిరగేసి కలిపింది. చిప్పు బొమ్మ ఎర్రబడింది, అంతే. ఆ అమ్మాయి భయంగా టీచరు వైపు చూసింది.

"ఏం ఫర్వాలేదు, మళ్లీ కలుపు" అంది టీచరు. ఆ మాట అంత నిశ్చింతగా అనగలగడం ఆమెకే హాయిగా అనిపించింది.