పేరు కింద చోటు

తడిగుడ్డతో ముందు పేరు తుడిచాడు పల్లంరాజు. తర్వాత పేరు కింద ఉన్న ఖాళీ తుడిచాడు. పేరుకు రెండు విసుర్లు చాలు, ఖాళీకే ఎక్కువసేపు పట్టింది.

గేటు స్తంభానికి సిమెంటుతో బిగించిన నల్లరాతి పలక అది. పై అంచున "కె. పల్లంరాజు" అని తెల్లరంగు నింపిన అక్షరాలు. కింద సగానికి పైగా రాయి ఉత్తిగానే ఉంది. "పేరు మరీ పైకి పోయిందండి, మధ్యలో పెట్టమంటారా?" అని చెక్కినవాడు ఆనాడే అడిగాడు. వద్దు, కింద ఇంకోటి రావాలి అన్నాడు పల్లంరాజు. ఏం రావాలో చెప్పలేదు. పాలు పోసే ఆవిడ అమ్మగారి పేరు కోసం కాబోలు అనుకుంది. ఆ మాటకొస్తే అమ్మగారు లోవలక్ష్మి కూడా చాలాకాలం అలాగే అనుకుని లోలోపల మురిసిపోయింది. అసలు సంగతి తెలిశాక కొన్నాళ్లపాటు కూరల్లో ఉప్పు సరిగ్గా పడలేదు.

"ఆ రాయికి చేసే సేవలో సగం నాకు చేస్తే నా మోకాళ్లు ఎప్పుడో బాగుపడేవి," అంది ఆవిడ వాకిట్లోంచి.

"నీ మోకాళ్లకి డాక్టరున్నాడు కదే," అన్నాడు. గుడ్డ పిండి దండెం మీద ఆరేశాడు.

ఆ ఖాళీలో రావాల్సినవి మూడే అక్షరాలు. రాజమండ్రిలో ఉన్న గోదావరి ఇంజనీర్ల సంఘంలో సభ్యుడైతే అవి పేరు తర్వాత పెట్టుకోవచ్చు. డిగ్రీ ఉన్నవాళ్లకు ఆ సంఘం తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. డిప్లొమావాళ్లకు మాత్రం ఓ ఆనవాయితీ పెట్టారు. కలిసి పనిచేసిన సభ్యుడొకడు నిండు సభలో లేచి, "ఈయన పని నేను చూశాను, నిలబడింది" అనాలి. అంతే, చప్పట్లు కొట్టి చేర్చుకుంటారు. కాకపోతే సర్వీసులో ఉండగానే చేరాలి. పల్లంరాజు వచ్చే నెలలో రిటైరవుతున్నాడు. సభ ఈ ఆదివారం. అతని పని కళ్లారా చూసినవాళ్లలో సంఘంలో మిగిలింది ఒక్కడే, చంద్రరావు. లోకంలో ఇంతమంది ఇంజనీర్లుండగా వాడొక్కడే మిగలడం దేవుడు పనిగట్టుకుని చేసిందేనని పల్లంరాజు నమ్మకం.

చంద్రరావు పరాయివాడేం కాదు. కాకినాడ పాలిటెక్నిక్‌లో ఇద్దరిదీ ఒకే గది. పెళ్లిళ్లకు వెళ్లాల్సి వస్తే ఒకే మంచి చొక్కాను వంతులవారీగా తొడుక్కునేవాళ్లు. ఒరేయ్ అంటే ఒరేయ్. ఇరిగేషన్‌లో కూడా ఒకేనాడు చేరారు. ఆ తర్వాత చంద్రరావు సాయంత్రాలు చదివి, డిగ్రీతో సమానమైన పరీక్షలు రాసి పాసయ్యాడు. పల్లంరాజు కూడా పుస్తకాలు కొన్నాడు. తెరిస్తే చాలు, కమ్మగా నిద్ర పట్టేది. వాడికి నిద్రపట్టని రోగం ఉండబట్టి పాసయ్యాడు అని సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకుంటే మాత్రం ఏం లాభం? చంద్రరావు డి.ఇ. అయి, తన మీద అధికారిగా వచ్చి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి పల్లంరాజు అతన్ని "సార్" అనడం మొదలుపెట్టాడు. పక్కన ఎవరూ లేనప్పుడు కూడా అంతే. "అదేంట్రా!" అని చంద్రరావు ఎన్నిసార్లు నొచ్చుకున్నా మానలేదు. మానకపోవడంలో ఓ రుచి ఉంది మరి. అతని జుట్టు ఇంకా నెరవలేదని కుళ్లు. కాఫీలో ఇంత పంచదార వేసుకుని తాగుతాడే, ఒంట్లో షుగర్ లేదని కుళ్లు. జేబు మీద సంఘంవాళ్ల నీలం బిళ్ల కనబడిందా, ఆ పూట అన్నం సహించదు. పైకి మాత్రం "ఉప్మా తిని కాఫీ తాగడానికి అదో సంఘం!" అని ఆఫీసులో పదిమంది ముందూ వెటకారం. గృహప్రవేశానికి ఆఫీసులో అందరినీ పిలిచి చంద్రరావును ఒక్కణ్ణే వదిలేశాడు. వస్తే గేటు దగ్గర ఆ ఖాళీ చూస్తాడు. చూస్తే వాడికి అర్థమైపోతుంది. ఆ చిన్నతనం ఎవడు పడతాడు?

లూనా స్టార్ట్ చేసి కాలువ గట్టెక్కాడు. ఎండాకాలం కాలువలు కట్టేశారు. మరమ్మతులేవైనా ఈ రోజుల్లోనే చేసుకోవాలి. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. తెగిన చెప్పులు, నత్తగుల్లలు, నిరుడు ముంచిన వినాయకుడి ఇనప చట్రం బయటపడి ఉన్నాయి. రేపు పొద్దున్నే నీళ్లు వదులుతారు. ఈలోగా లాకు పని తేలాలి. పడవల్ని ఎత్తునుంచి పల్లానికి దించే ఈ లాకు అడుగు ఎనభై ఆరు వరదకు లేచిపోతే, మళ్లీ వేయించింది తామిద్దరే. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, వంతులవారీగా నిద్రపోతూ వేయించారు.

పల్లంరాజు గొడుగు వేసుకుని మెట్లు దిగాడు. పొట్టి మనిషి, మెడ లావు. పాదాల మీద చెప్పు పట్టీలు ఉన్నంత మేర తెల్లగా, మిగతా అంతా నల్లగా కమిలిపోయి ఉంటుంది. టేకు తలుపుల సందుల్లో కొత్త రబ్బరు నొక్కి చూశాడు. గోడ రాళ్ల మధ్య పూసిన సిమెంటును గోటితో గీకి చూశాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతోంది. రాత్రి ఒత్తిగిలి పడుకోవడం వల్ల అనుకున్నాడు.

టీలు వచ్చే వేళకు జీపు వచ్చింది. చంద్రరావు దిగాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, జేబు మీద నీలం బిళ్ల. అది చూడగానే పల్లంరాజు మొహం తిప్పుకున్నాడు. అడగాలి, ఈ రోజే అడగాలి అనుకుంటూ వచ్చినవాడు టీ గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు.

పని చుట్టూ తిరిగి చూసి వచ్చి, చంద్రరావే అన్నాడు.

"ఆదివారం సంఘం మీటింగుందిరా. నువ్వు ఖాళీయేనా?"

"ఎందుకండి సార్?"

"నేను లేచి చెబుదామని. ఈ లాకు అడుగు మీదే చెబుతాను. నీకు అవన్నీ నచ్చవని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. రిటైరైపోతున్నావు కదా, ఇంక చెప్పకపోతే బాగోదు."

పల్లంరాజు గుండె ఒక్కసారి ఎగిరి పడింది. నోట్లో మాట కూడా సిద్ధంగానే ఉంది. ఈలోగా కాంట్రాక్టరు పెద్దిరాజు సంబరంగా అందుకున్నాడు.

"చెప్పించేసుకోండి సార్! పోయేముందు అదో ముచ్చట. డి.ఇ. గారికి మీరంటే ఎంత జాలో చూశారా!"

జాలి! ఆ మాటతో చెవులదాకా మంట ఎక్కింది. సిమెంటు కలిపేవాళ్లు కూడా ఇటే చూస్తున్నారు. వాడు పెట్టాలి, తను తీసుకోవాలి. ఆదివారం అంతమంది ముందు వాడు లేచి నిలబడాలి, తను చేతులు కట్టుకుని కూర్చోవాలి.

"నాకెందుకండి సార్ ఆ అక్షరాలు," అన్నాడు పల్లంరాజు. "పేరుంది, చాలు. అవి తగిలించుకుంటేగానీ పని రానివాళ్లు తగిలించుకుంటారు."

చంద్రరావు మొహం పాలిపోయింది. గ్లాసు పెద్దిరాజు చేతికిచ్చాడు.

"నీ ఇష్టం," అన్నాడు. "రేపు నీళ్లు వదిలే వేళకు వస్తాను." జీపెక్కి వెళ్లిపోయాడు.

గెలిచానన్న హుషారు మధ్యాహ్నం భోజనందాకా కూడా నిలవలేదు. క్యారేజీ విప్పితే చింతచిగురు, ఎండురొయ్యల కూర. ఇష్టమైన కూరే, రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. వాడు పెద్దమనిషిలా మాట్లాడి పోయాడు, నేను కుళ్లుబోతులా మిగిలాను, ఇందులో కూడా వాడిదే పైచేయి అనుకుంటే మళ్లీ ఒళ్లు మండింది. మండి, మండి, సాయంత్రానికి చల్లారింది. చల్లారాక అడుగున మిగిలింది ఒకటే మాట: నాకు కావాలి. ముప్పై ఏళ్ల నుంచీ కావాలి.

కూలీలు వెళ్లిపోయారు. పల్లంరాజు ఎండిన కాలువ మధ్యలో నిలబడి, ఎవరూ లేరు కదా అని చుట్టూ చూసుకుని, పైకే అన్నాడు.

"చెప్పండి సార్."

బాగోలేదు.

"సరే, చెప్పరా."

అదీ బాగోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ చంద్రం, నాకు కావాల్రా."

ఆ మాట లాకు గోడలకు తగిలి తనకే వినబడింది. సిగ్గేసింది. కానీ ఇదే అనాలని తేల్చుకున్నాడు. రేపు నీళ్ల హోరులో అంటే పెద్దిరాజుకి వినబడదు కూడా.

ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గేటు దగ్గర ఆగాడు. సాయంత్రంపూట ఎన్నడూ తుడవనివాడు, దండెం మీది గుడ్డ తెచ్చి పలక తుడిచాడు. వేలితో కింది ఖాళీలో మూడు అక్షరాలు రాసి చూసుకున్నాడు. తడి ఆరేదాకా ఉన్నాయి.

"రేపు రాళ్లు చెక్కేవాడికి కబురు పెట్టాలోయ్," అన్నాడు వరండాలో పడక్కుర్చీలో వాలుతూ.

"ఏంటి, ఇన్నాళ్లకి నా పేరా?" అంది లోవలక్ష్మి లోపల్నుంచి.

"నీది కూడా చెక్కిద్దాంలే, చోటుంది."

ఆవిడ ఆశ్చర్యపోయి, పకోడీల పిండి ఇంకాస్త ఎక్కువే కలిపింది. వేయించి పళ్లెంలో పెట్టుకుని వచ్చి పిలిచింది. కునుకు పట్టిందేమో అనుకుని పళ్లెం స్టూలు మీద పెట్టి, విసనకర్రతో కాసేపు విసిరింది. విసురుతూ విసురుతూ మొహంలోకి చూసింది. చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న నీళ్లు అనుకున్న వేళకే వదిలారు. వదలక తప్పదు, కింద నారుమళ్లవాళ్లు ఎదురుచూస్తుంటారు. కబురు తెలిసినా చంద్రరావు లాకు దగ్గరే నిలబడి, నీళ్లు అడుగు మీదుగా పారి, తలుపుల్ని తాకి, చుక్క కూడా కారకుండా నిలిచేదాకా చూశాడు. తర్వాత జీపు ఎక్కకుండా గట్టుమీదుగా నడిచి వచ్చాడు. పల్లంరాజు ఇల్లెక్కడో తెలియక దారిలో ఇద్దరిని అడిగాడు.

గేటు దగ్గర పలక చూసి ఆగిపోయాడు. జనం లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. స్తంభానికి ఆనుకుని లోవలక్ష్మి కూర్చుని ఉంది.

"కింద ఇంత చోటెందుకు వదిలాడమ్మా?"

"మీ సంఘం అక్షరాలకండి, అన్నయ్యగారూ."

చంద్రరావు చెయ్యి జేబు మీది బిళ్ల దగ్గరికి వెళ్లి ఆగింది.

"నిన్న నేనే అడిగానమ్మా. నాకెందుకన్నాడు."

"మీరు అడగ్గానే అవునంటే ఆయన పల్లంరాజెలా అవుతారండి," అంది ఆవిడ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చంద్రరావు ఏదో అనబోయాడు. సభలో లేచి అనాల్సిన ఆ రెండు మాటలే: చూశాను, నిలబడింది. అక్కడ వినాల్సినవాడు లేడు. తలవంచుకుని లోపలికి వెళ్లాడు.

పొద్దున్న ఎవరూ తుడవలేదు. పేరు మీదా, పేరు కింద ఖాళీ మీదా కాలువగట్టు దుమ్ము సన్నగా, ఒక్కలాగే పట్టి ఉంది.