ముందుమాట బరువు

పొద్దున్నే గొర్రెల్ని భార్య యశోదమ్మకు అప్పగించి, తొమ్మిది గంటల బస్సుకు పుంగనూరు పోవడం బైరప్పకు రెండేళ్లుగా అలవాటు. భుజాన సంచి. సంచిలో తాను రాసి, సొంత డబ్బుతో అచ్చేయించుకున్న 'మేతబీడు' పుస్తకాలు నాలుగు. బస్టాండులో నిలబడి అమ్ముతాడు.

కొత్త పుస్తకం రాయిలాగా బరువుంటుంది కదా. చదివేకొద్దీ పేజీకింత తగ్గుతుంది. మొత్తం చదివిందైతే ఫ్యాను గాలికే లేచిపోతుంది. అందుకే ఇళ్లలో దానిమీద చెంబు పెడతారు.

"ఏమప్పా, నీ సంచికి బస్సు ఒకపక్కకు వాలతాండాది," అనేవాడు కండక్టరు మునికుమార్.

"కొని సదువప్పా, లేస్తాది."

బైరప్ప ధైర్యమంతా మదనపల్లెలోని గురుమూర్తి సారు. రిటైరైన టీచరు, కవి. 'మేతబీడు'కు ముందుమాట రాసింది ఆయనే. "మూడుసార్లు చదివినాను, మూడుసార్లూ ఏడ్చినాను," అని సభలో చెప్పి, ఆ వీడియో స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఇంకో వెయ్యి కాపీలు వేయమని పట్టుబట్టిందీ ఆయనే.

ఆ మాట మీద బైరప్ప పన్నెండు గొర్రెల్నీ బేరం పెట్టాడు. యశోదమ్మ మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు, "అంత సదువుకున్నాయన మూడుసార్లు సదివినాడంటే నేనేం సెప్పేది? తోలుకుపో," అంది.

వ్యాపారి శనివారం వస్తానన్నాడు. శుక్రవారం బైరప్ప కొత్త ముందుమాట కోసం మదనపల్లె పోయాడు. సారు కాఫీ తేవడానికి లోపలికి పోయినప్పుడు, అలమార పైఅరలో 'మేతబీడు' కనబడింది. ఆ కాపీని ఎత్తి చూడాలని అతనికి ఎన్నడూ తోచలేదు. నమ్మినచోట తూకం వేసే మనిషి కాదు. ఊరికే ముట్టుకుందామని చెయ్యి పెట్టాడు.

ఒక చేతికి రాలేదు.

గురుమూర్తి గ్లాసులతో వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒక్క పేజీ గూడా తగ్గలేదు సారూ."

"యాడ తీరిక బైరప్పా. సభల్లో అట్లనే అంటారు. అందరికీ అట్లనే రాస్తాను."

"రేపు నా గొర్రెలు పోతాండాయి సారూ. మీ మాట మీద."

"నేను గొర్రెల్ని అమ్మమన్నానా?"

బైరప్ప కాఫీ ముట్టకుండా లేచాడు. బస్సులోనే వ్యాపారికి ఫోను చేసి బేరం వద్దన్నాడు. ఇంటికి చేరాక యశోదమ్మ అతని ముఖం చూసింది. గొర్రెల్ని లెక్కబెట్టుకుని దొడ్లోకి తోలింది.

'ఆత్మీయుడు బైరప్పకు' అని సంతకం పెట్టి గురుమూర్తి ఇచ్చిన కవితల పుస్తకం అటక మీద ఉంది. దాన్ని పొయ్యిలో వేయాలని చెయ్యి చాచాడు.

అదీ ఒక చేతికి రాలేదు.

రెండు చేతులా దించాడు. ఇచ్చిననాటి బరువే. నిరుడు కుప్పం సభలో ఈ పుస్తకం మీద బైరప్పే అరగంట మాట్లాడాడు. "ఒక్కో కవితా నా గుండెలో ఉండాది," అన్నాడు. చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు దొడ్లో గొర్రెపిల్ల కింద ఉంది.

గురుమూర్తి మీద కోపం పోలేదు. పోవలసిన పని కూడా లేదు. కానీ బైరప్ప పుస్తకాన్ని పొయ్యి దగ్గరికి కాక దొడ్లోకి మోసుకుపోయి, గొర్రెల మధ్య కూర్చుని మొదటి పేజీ చదివాడు. ఎత్తి చూశాడు. ఏమీ తగ్గలేదు. కోపంలో అక్షరాల మీద కళ్లు తిప్పాడంతే మరి.

మళ్లీ మొదటి వాక్యానికి వచ్చాడు.