పదకొండు మీటల సంబల్ మిషను

ఏమయ్యా, మెడలో కార్డు వేలాడేసుకున్న ఇంజనీరూ! పొద్దుట్నించీ మూడు మీటింగులు పెట్టి, చివరికి నాలుగోది పెట్టుకోవాలని తేల్చారట కదా? కూర్చో, కాఫీ తాగు. నీలాంటి చదువుకున్నవాళ్ళని నేనెలా బురిడీ కొట్టించానో చెప్తాను.

బాండుంగ్‌లో ఈ ఫ్యాక్టరీ క్యాంటీను నాది. నన్నందరూ బాబాయ్ అన్నట్టు 'మాంగ్ ఓడింగ్' అంటారు. అప్పట్లో మేడ మీద ఇమాస్ అనే అమ్మాయి, ఆమె కింద ఐదుగురు, సంబల్, అదే మా మిరపకాయ పచ్చడి, నూరే మిషను తయారుచేస్తుండేవాళ్ళు. ఉపవాసాల నెల మొదలయ్యేలోపు అది బజారులోకి రాకపోతే జట్టునే ఎత్తేస్తామని పైనుంచి కబురు.

నిజానికి మిషను ఎప్పుడో అయిపోయింది. ఒక్కటే మీట. నొక్కితే మిరపకాయలు మెత్తగా నలిగిపోయేవి. కానీ డైరెక్టరు బపక్ సునార్యా వచ్చినప్పుడల్లా ఓ చీటీ రాసి గోడకి అంటించి పోయేవాడు. గడియారం ఉండాలి. రంగు దీపాలు వెలగాలి. ఫోనుతో నడవాలి. వాళ్ళేమో "సియప్, బపక్!" అని, చిత్తం అయ్యగారూ అన్నట్టు, తలలూపేవాళ్ళు. మా దగ్గర పెద్దాయనతో కాదని చెప్పడం కంటే కాగే నూనెలో వేలు పెట్టడం తేలిక. మీటలు పదకొండయ్యాయి. మిరపకాయ మాత్రం నలగడం మానేసింది.

నా చెయ్యి ఊరుకోదు కదా! ఓరోజు టీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ చీటీల మధ్య నాదొకటి అంటించి వచ్చాను: 'మూత తియ్యగానే మిషను అన్నం తిన్నావా అని అడగాలి.'

చదివి నవ్వుతారనుకున్నాను. మర్నాడు చూస్తే జట్టంతా దాని మీదే కూర్చుంది.

"ఆడగొంతు పెడదామా, మగగొంతా?"

"అసలెందుకో ఓసారి బపక్‌ని అడిగితే?"

"నీకేమైనా పిచ్చా? ఆయన చీటీకి ఆయన్నే సంజాయిషీ అడుగుతావా?"

మూడు వారాలు గడిచాయి. నిజం చెప్పే ధైర్యం లేక, రోజూ వాళ్ళకి వేయించిన తోఫు మాత్రం ఊరికే పంపాను. బపక్ చూడ్డానికి వచ్చాడు. నేను టీ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన మూత తీశాడు.

"అన్నం తిన్నావా?" అంది మిషను.

ఉలిక్కిపడి మూసేశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ అడిగింది. లోపల మిరపకాయలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఈ వాగుడు ఎవరు పెట్టమన్నారు?"

"మీరే, బపక్. చీటీ ఉంది," అంది ఇమాస్, పాలిపోయిన మొహంతో.

"నేనా? ఇలాంటి జట్టు నాకెందుకు?"

ఆరుగురి పొట్ట కొడుతున్నానే!

"అది నా చీటీ, బపక్. సరదాకి రాశాను," అన్నాను.

ఆయన నన్ను వదిలేసి వాళ్ళకేసి తిరిగాడు. "క్యాంటీనాయన రాసినా చేసేస్తారా? ఒక్కరూ అడగలేదేం?"

"మీ చీటీల మధ్య ఉంటే ఎలా అడుగుతాం, బపక్?" అంది ఇమాస్.

ఆయన గోడ దగ్గరికి నడిచాడు. తన చీటీలన్నీ ఒక్కొక్కటే పీకి జేబులో కుక్కుకున్నాడు. "మొదట చేసిన మిషను ఉందా?"

బీరువాలోంచి తీసిచ్చారు. మీట నొక్కాడు. సంబల్ నాలిక్కి రాసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు. "ఇదే. ఇంకేం కలపొద్దు."

ఉపవాసాలకి వారం ముందే అది దుకాణాల్లోకి వెళ్ళింది. జట్టు నిలిచింది.

నేను ఛాతీ విరుచుకుని ఇమాస్ దగ్గరికెళ్ళాను. "చూశావా తల్లీ, నేను ఒప్పుకోబట్టి బతికారు!"

ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. "ఆ చీటీ మీరు రాసిందేనని మొదటిరోజే తెలుసు మాంగ్. ఉల్లిపాయ కంపు కొట్టింది! బపక్‌తో కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయన చీటీలెలా ఉన్నాయో ఆయనకే తెలిసిరావాలని మీ చీటీని అలాగే ఉంచాను. మా వాళ్ళకి కూడా చెప్పలేదు."

"మరి నేను నోరు విప్పకపోతే?"

"విప్పకుండా ఎలా ఉంటారు? తప్పుచేశానని కుమిలిపోతూ మూడు వారాలు రోజూ మాకు వేయించిన తోఫు ఊరికే పంపారు కదా! గొంతు పెట్టడం ఒక్క పూట పని మాంగ్. మిగతా రోజులన్నీ తోఫు కోసమే ఆగాను."